నోరు తడవని రోజు

ఇంకెంతసేపు దాక్కుంటుందిలే ముక్కులో, దానికీ నీళ్ళు కావాలిగా, అనుకున్నాడు బుల్లబ్బాయి అరుగు మీద కూర్చుని, కొబ్బరిచెట్టుకు కట్టేసిన కుక్క ఎడమ ముక్కులోంచి ఒక్కో చుక్కే నెత్తురు ఇసకలో పడుతోంది, ఆయ్, జలగేనండి, అన్నాడు పొద్దున పశువులాసుపత్రి మోషే, కాలవకి నీళ్ళాపేసేక మిగిలిన మడుగులో తాగుంటాదండి, పొద్దుగూకేదాకా నోరు తడవనివ్వకండి, అప్పుడు మూతి ముందు చన్నీళ్ళ పళ్ళెం పెట్టేరనుకోండి, నీళ్ళకోసం అదే తల బయటెడతాది, గుడ్డతో పట్టుకుని లాగేయడమే, మధ్యలో జాలిపడి తాపేరో మళ్ళీ లోపలికి పోద్ది, జాలట, తనకు, మోషే కొత్తవాడు కాబట్టి అన్నాడు గానీ ఊళ్ళో ఇంకెవరూ అనరు, అసలీ కుక్క తనది కాదు, పెళ్ళాం భూలక్ష్మిది, నూతి పక్క సిమెంటు తొట్టి రోజూ నింపి దాన్ని పిలిచేది, ఆమె పోయి రెండేళ్ళు, తొట్టి అప్పుడే ఎండింది, నింపాలని తనకు తోచలేదు, కుక్కకు కాలవ ఉంది కదా, ఈ వేసవిలో కాలవ కట్టేస్తే అది మడుగుకు పోయింది, ఇందులో తన తప్పేముంది.

నాలుక వేలాడేసి చూస్తోంది, అరవదు, మూలగదు, ఊరికే చూస్తుంది, ఇలాగే చూసింది భూలక్ష్మి కూడా, అమలాపురం ఆసుపత్రిలో, కడుపు కోసిన రెండో రోజు, పెదాలు పగిలి, ఏవండీ, ఒక్క చుక్క, అంటే డాక్టరు వద్దన్నాడుగా, ఆయన కంటే నీకెక్కువ తెలుసా అని కసిరి తను వరండాలోకి పోయాడు, తిరిగొచ్చేసరికి మరదలు అమ్మాజీ చెంచాతో ఆమె నోట్లో నీళ్ళు పోస్తోంది, తెల్లారేసరికి అంతా అయిపోయింది, నీళ్ళకీ దీనికీ సంబంధం లేదండి, చీము రక్తంలో కలిసిపోయింది, అని డాక్టరు చెబుతూనే ఉన్నాడు, తను వినలేదు, పెద్దకార్యం రోజు అందరి ముందూ నీ చేత్తో చంపేవు, నా గడప తొక్కకు అన్నాడు, అమ్మాజీ ఏడవలేదు, చంపేనో బతికించేనో గానీ నేను పక్కనున్నాను బావగారూ, మీరు వరండాలో ఉన్నారు, అని చెప్పులేసుకుంది, ఆ తర్వాత మురమళ్ళ బస్సులో ఎదురైతే తను మధ్యలోనే దిగి ఎండలో నడిచొచ్చాడు.

పొద్దింకా వాలలేదు, అయినా లేచాడు, పళ్ళెంలో నీళ్ళు పోశాడు, చూపించడానికే, అనుకుంటూ మూతి ముందు పెట్టాడు, నల్లటి తల పురికొసలా సాగి బయటికొచ్చింది, గుడ్డ చేతిలోనే ఉంది, అంతలో కుక్క తాడు తెగేలా ముందుకు దూకింది, పళ్ళెం లాగేయాలి, చెయ్యి కదల్లేదు, అది గటగటా తాగుతుంటే జలగ మెల్లగా లోపలికి పోయింది, రేపు మళ్ళీ మొదటినుంచి, పోనీ, పళ్ళెం ఖాళీ అయితే ఇంకో చెంబు పోశాడు, కుక్క నోరు ఒక్క పూట ఎండబెట్టలేకపోయిన ఈ చెయ్యే ఆ రోజు చెంచా పట్టలేదు, చంపింది ఆ చెంచాడు నీళ్ళు కాదని ఆ రోజే తనకు తెలుసు, భూలక్ష్మి మొదట అడిగింది తననే, తను ఇవ్వలేదు, ఇచ్చిందన్నదే అమ్మాజీ మీద ఇన్నాళ్ళ కోపం.