పది పాళ్ళలో ఎవరివెన్ని

ఆ బైండింగు షాపుకు ఉన్నది ఒక్కటే కిటికీ. దాని కింద బల్ల పద్దెనిమిదేళ్ళుగా పెద్దక్కది. అలాంటి బల్ల దగ్గర, చేరి నాలుగు నెలలైనా కాని చిలకను తెచ్చి కూర్చోబెట్టాడు యజమాని. గలగలా మాట్లాడుతుందని ఆ అమ్మాయికి ఆ పేరు.

"ఫారాలు పేర్చాలంటే వెలుతురు కావాలి పెద్దక్కా. నువ్వైతే కళ్ళు మూసుకుని కుట్టేస్తావు," అన్నాడు.

పొగిడాడో, పక్కకు నెట్టాడో పెద్దక్కకు తెలియలేదు గాని, ఆ రోజే కడుపులో మంట రాజుకుంది. చిలక నవ్వితే మంట. "ఈ పిల్ల చేతులు చూడండి, మిషను కూడా చాలదు" అని యజమాని అంటే మరీ మంట. తనకు మిగిలిన గోడవైపు బల్ల మీద సూదిలో దారం ఎక్కించడానికి ఇప్పుడు మూడుసార్లు గురి చూడాల్సి వస్తోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో ఒక బడికి మూడు వందల సైన్సు పుస్తకాల పని వచ్చింది. పదహారు పేజీల మడత ఒక ఫారం. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున దాని నంబరు ఉంటుంది. చిలక వాటిని వరసగా పేర్చాలి, పెద్దక్క కుట్టాలి. పదో పుస్తకం కుడుతుండగా పెద్దక్క కంటపడింది: మూడు తర్వాత ఐదు, ఐదు తర్వాత నాలుగు. నోటి దాకా వచ్చిన మాటను మింగేసింది. 'చూడనీ, ఆయనగారి ముద్దుల పనిమంతురాలు ఏం వెలగబెట్టిందో' అనుకుని, మిగతా రెండు వందల తొంభై కూడా అలాగే కుట్టేసింది.

మూడు వారాలకు పుస్తకాలన్నీ తిరిగొచ్చాయి. వాటిలో గుండె బొమ్మ పక్క పేజీ 'దీని పొడవు సుమారు ఆరు మీటర్లు' అని మొదలైంది. అది పేగుల పాఠంలోది. పుస్తకాలతోపాటు ఇంగ్లీషులో ఒక కాగితం కూడా వచ్చింది.

"ఈ తప్పులో ఎవరి వంతు ఎంతో 'అపోర్షన్' చేసి పంపమన్నారు. మొత్తం పది పాళ్ళు. సగం దాటినవాళ్ళు ఇక నా షాపులో ఉండరని మాటిచ్చాను," అన్నాడు యజమాని. "నేను రాస్తే జాలిపడ్డానంటారు. సీనియర్‌వి, నువ్వు రాసుకురా. కుట్టేవాళ్ళు నంబర్లు చూడరులే, నీకు భయం లేదు."

'చిలకకు తొమ్మిది వేస్తాను. ఒకటి దేవుడికి వదిలేస్తాను' అనుకుంటూ ఇల్లు చేరింది పెద్దక్క.

సాయంత్రం కూతుర్ని అడిగింది. "అపోర్షన్ అంటే ఏంటే?"

"పంచడం అమ్మా," అంది కూతురు డిక్షనరీ తెరిచి.

"పంచడానికి డివైడ్ అనే మాట ఉందిగా?"

"డివైడ్ అంటే ముక్కలు చేసినా చాలు. ఇక్కడ ఎవరికి ఎంత చెందుతుందో తేల్చి, ఎవరిది వాళ్ళకు అప్పగించాలి. సమానంగా ఉండక్కర్లేదు. ఆఫీసు కాగితాల్లో మాట ఇది. ఇంట్లో పళ్ళు పంచేటప్పుడు ఎవరూ అనరు."

"మరి వాళ్ళు ఏం పంచుతారు?"

"పనిని, ఖర్చుని, టైముని. ఎక్కువగా తప్పుని."

"తప్పుని పంచితే ఎవరు తీసుకుంటారే?"

"తీసుకోరు కాబట్టే ఇంత బరువైన మాట కావలసొచ్చింది."

పెద్దక్క నవ్వలేదు. "పంచేవాళ్ళకు వంతు ఉండదా?"

కూతురు మళ్ళీ చూసింది. "ఇక్కడ మూడు వాక్యాలున్నాయి. జడ్జి పంచాడు, కమిటీ పంచింది, మేనేజరు పంచాడు. వాళ్ళకెంత వచ్చిందో రాయలేదు."

పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడి, రోజూ అడిగేదే అడగబోయింది: దేవుడా, నా వంతు నాకు దక్కేలా చూడు. 'నా వంతు' దగ్గర నాలుక ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ మాట వింటూ ఆయన ఏమనుకుంటున్నాడో? పొరపాటున చేసినదానికి ఎంత? తెలిసి ఊరుకున్నదానికి ఎంత?

షాపుకు వెళ్ళి నిలబడే రాసి ఇచ్చింది. యజమాని పైకి చదివాడు. "చిలక, తప్పుగా పేర్చింది, మూడు. నేను, చూసి కూడా చెప్పలేదు, ఐదు. సార్, మొదటి పుస్తకం తిరగేయకుండానే అన్నిటినీ అట్టలు అదిమే ప్రెస్సులో పెట్టించారు, రెండు." చదివి తలెత్తాడు. "చూశావా? మరెందుకు ఊరుకున్నావు?"

"కిటికీ," అంది పెద్దక్క.

ఆయన కిటికీ వైపు చూశాడు. తన పేరు పక్కనున్న రెండును మళ్ళీ చదివి, కింద సంతకం పెట్టాడు. ఐదు దగ్గర ఆగింది న్యాయమో, ఆరు వేస్తే పని పోతుందన్న భయమో పెద్దక్కకే తెలియదు.

"నీతో నాలుగు రోజులు మాట్లాడను పెద్దక్కా," అంది చిలక, కళ్ళు తుడుచుకుంటూ.

"మాట్లాడకు. నాకు అంతే కావాలి."

అట్టలు ఊడదీసి, కుట్లు విప్పి, అన్నీ మళ్ళీ చేయాలి. పెద్దక్క పుస్తకాలు లెక్కపెట్టి మూడు దొంతులు చేసింది: చిలకకు తొంభై, సార్‌కు అరవై, తనకు నూట యాభై. యజమాని తన దొంతి చూసి కత్తెర వెతుక్కున్నాడు.

పెద్దక్క తన కుర్చీ లాక్కెళ్ళి కిటికీ కింద వేసుకుంది.

"అది నా చోటు," అంది చిలక. నాలుగు రోజుల్లో పావుగంట గడిచింది.

"నూట యాభై అయ్యేదాకా నాది," అంది పెద్దక్క సూది వెలుతురుకు ఎత్తి పట్టి. దారం మొదటిసారికే ఎక్కింది. నూట యాభై ఒకటో పుస్తకం నాడు ఏం చేయాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.