మిణుగురు వెలగని వారం

శుక్రవారం లోపు చేయాల్సినవి: మిణుగురు ఆర్ఎన్ఏ కొత్తగా తయారు చేయాలి. సగానికి పెరాక్సైడ్ పట్టించి పాడుచేయాలి, సగం మంచిగా ఉంచాలి. రెండింటితోనూ ప్రోటీన్ చేయించి వెలుగు కొలవాలి. ల్యాబ్ మేడమ్‌కు చూపించాలి. అమ్మకు ఫోన్ చేయాలి.

అమ్మకు ఫోన్ చేయడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. అందుకేనేమో, ఏ పనైనా చెప్పినదానికి రెండింతలు చేస్తాను. ప్రయోగం మాత్రం సులువే. మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే ప్రోటీన్ ఒకటుంది. దాన్నెలా కట్టాలో రాసి ఉన్న చీటీ ఈ ఆర్ఎన్ఏ. కణాల రసంలో వేస్తే అందులోని రైబోజోములనే చిట్టి యంత్రాలు దాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ ప్రోటీన్ కడతాయి, రసం వెలుగుతుంది. ఒక్క అక్షరానికి రసాయనం తగిలిందా, చదివే రైబోజోము అక్కడే నిలబడిపోతుంది. వెనక వచ్చేవి దాన్ని గుద్దుకుంటాయి. సగం కట్టిన ప్రోటీన్ చెత్తలోకి పోతుంది.

పాడుచేసింది వెలగలేదు. సంతోషించేలోపు మంచిదీ వెలగలేదు.

మూడుసార్లు చేశాను. ముక్కలైందేమోనని, ముక్కల్ని సైజువారీగా విడదీసి చూపే జెల్ మీద చూస్తే ఆర్ఎన్ఏ నిక్షేపంగా ఉంది. మేడమ్ కోప్పడలేదు, శుక్రవారానికి తేలకపోతే ఈ పని సీనియర్ అక్కకు ఇచ్చేద్దామన్నారంతే. అక్క నన్ను ఓదారుస్తూనే నా నోటుబుక్కు ఎక్కడ పెడతానో కనుక్కుంది.

మా ల్యాబ్‌లో గాజుసామాను కడిగే ఆవిడను అందరం పిన్ని అంటాం. శుద్ధమైన నీళ్ళ డబ్బాలు నింపేదీ ఆవిడే. గురువారం పొద్దున్న నా డబ్బా ఎత్తబోయి, బరువు చూసి దించేసింది.

"సోమవారం నింపిన నీళ్ళు అలాగే ఉన్నాయేంటే? ఆ మందుతో కడిగాక సీసాలు జాడించట్లేదా?"

లేదని ఒప్పుకున్నాను. ఆర్ఎన్ఏను తినేసే ఎంజైములు మన వేళ్ళ మీద కూడా ఉంటాయి. వాటిని చంపడానికి సీసాలను పెరాక్సైడ్‌తో కడిగి, తర్వాత నీళ్ళతో జాడిస్తాం. ఆ నీళ్ళలో మళ్ళీ ఏముంటుందోనని ఈ వారం నేను జాడించడం మానేశాను. అంత జాగ్రత్త నాది.

"ఒంటికి సబ్బు రాసుకుని, నీళ్ళు పోసుకోకుండా చీర కట్టుకున్నట్టుంది నీ శుభ్రం," అంది పిన్ని.

పాడుచేయడానికి వాడే మందూ అదే కదా. ఒక ఆర్ఎన్ఏను తెలిసి పాడుచేశాను, రెండోదాన్ని తెలియకుండా.

సీసాలన్నీ జాడించి, కొత్త ఆర్ఎన్ఏతో మొదలుపెట్టాను. సాయంత్రం వెలుగు కొలిచే యంత్రం ముందు కూర్చుంటే పిన్ని బకెట్ పట్టుకుని వెనకే నిలబడింది. మంచి ఆర్ఎన్ఏ అంకె లక్ష దాటింది.

"వెలిగినట్టేనా?" అంది. వెలిగినట్టేనన్నాను. "అయితే లే, నేల తుడవాలి," అంది.

శుక్రవారం చెడిపోయిన లెక్కలు కూడా దాచకుండా చూపించాను. మేడమ్ వాటినే ఎక్కువసేపు చూశారు. సీసా గోడకు అంటిన కాస్త మందుకే, ఆర్ఎన్ఏ ముక్క కూడా కాకుండానే, చదవడం ఆగిపోయిందంటే అదీ రాయాల్సిన సంగతే అన్నారు. పని నా దగ్గరే ఉంది. నోటుబుక్కూ.

వ్యాసం అచ్చయితే రచయితల వరుసలో పిన్ని ఉండదు. పేరు వేయించమని మేడమ్‌ను అడుగుతానంటే, ముందు సీసాలు జాడించుకోమంది. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. పాడైన ఆర్ఎన్ఏ గురించి ఎక్కడైనా చదివితే, నీళ్ళ డబ్బా బరువు చూసిన ఆవిడను ఒక్కసారి తలుచుకోండి.