కిలో నాలుగొందలు

పొద్దున ఇంట్లో సరిగ్గా డెబ్భై రెండున్నర కిలోలు తూగిన బాక్సింగ్ ఛాంపియన్, పదింటికి తూకం హాల్లో అధికారుల మిషనెక్కేసరికి కిలో నాలుగొందల గ్రాములు పెరిగిపోయి ఉన్నాడు.

మిడిల్‌వెయిట్ హద్దు ఆ డెబ్భై రెండున్నరే. అది దాటితే రేపు రింగులో గెలిచినా బెల్టు దక్కదు. ఆరేళ్లలో పదకొండు మందిని పడగొట్టి నిలబెట్టుకున్న బెల్టు, ఒక్క దెబ్బా తినకుండానే పోయేలా ఉంది.

"గంట టైమిస్తాం. ఇంకొక్కసారే తూస్తాం," అన్నాడు అధికారి.

కోచ్ పళ్లు నూరాడు. "ఏం మింగావురా?"

"రెండు గుడ్ల తెల్లసొన. మీ ఎదురుగానే."

"దానికే కిలోన్నర వస్తే కోళ్లన్నీ హెవీవెయిట్లయ్యేవి."

"నన్ను చూడకండి," అంది భార్య. "వారం నుంచి గ్రాముల్లెక్కన పెడుతున్నాను. మీ జిమ్ము మిషన్ పాడైందని మా ఇంటి మిషన్ మీద పడ్డారు. అదే అబద్ధం చెప్పుంటుంది."

"మిషన్ దానంతటది అబద్ధం చెప్పదమ్మా. ఎవడో చెప్పించాడు."

ఈ రగడలో ఛాంపియన్ మామగారు ఎప్పుడు మాయమయ్యారో ఎవరూ గమనించలేదు. వెతికితే స్నానాలగదిలో దొరికారు. వేడినీళ్ల కుళాయిలన్నీ తిప్పేసి, ఆవిరి మధ్య చెమటలు కక్కించే ప్లాస్టిక్ సూటు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసుకి కూడా కుర్చీలోంచి లేవని మనిషి.

"తొడుక్కో అల్లుడూ. మాటలు తర్వాత."

ఛాంపియన్ ఆ ఆవిరిలో తాడాట మొదలుపెట్టాడు. కాళ్లు పీకుతున్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. తాడు తప్పినప్పుడల్లా మామగారే వంగి అందించారు, చెమట తుడిచారు, లెక్కపెట్టారు. ఇంత ప్రేమ పెళ్లిలో కూడా చూపించలేదే అని అల్లుడికి అనుమానం వచ్చింది. అడిగే ఓపిక లేదు.

గంట గడిచింది. మిషనెక్కి కళ్లు మూసుకున్నాడు.

"డెబ్భై రెండు నాలుగొందల ఎనభై," అన్నాడు అధికారి. "సరిపోయింది."

భార్య అక్కడే కూలబడి కళ్లు తుడుచుకుంది. కోచ్ మాత్రం ఫోన్ తీశాడు. "రేపటి పోటీలో అవతలివాళ్ల మనుషులే మీ ఇంట్లో దూరారు. పోలీసుల్ని పిలుస్తా. మిషన్ మీద వేలిముద్రలు తీయిస్తా."

మామగారు తువ్వాలు భుజాన వేసుకుని గొంతు సవరించుకున్నారు.

"తీయించడం దేనికి, నావే. డాక్టరు నన్ను బరువు తగ్గమన్నాడు. ఆదివారం ఆదివారం అమ్మాయి నన్ను ఆ మిషనెక్కిస్తుంది. తగ్గకపోతే మిఠాయిల అలమారా తాళం ఇవ్వదు. అందుకని కింద స్క్రూ కొంచెం వెనక్కి తిప్పాను. మళ్లీ సరిచేద్దామనే అనుకున్నాను, కానీ పోయిన ఆదివారం అమ్మాయి మురిసిపోయి మిఠాయి రెండు ముక్కలు ఎక్కువే పెట్టింది. ఆ సంతోషంలో మర్చిపోయాను. నువ్వూ దానిమీదే తూగుతున్నావని ఇక్కడ నీ బరువు చూశాకే తట్టింది అల్లుడూ. తప్పు నాదే. కాకపోతే ఈ గంటా ఆవిరిలో నేను కూడా ఉన్నాను కదా, ఒకసారి ఈ మిషనెక్కి చూసుకోనా?"