గంటన్నర వడ్డేపల్లి

"బేగంపేట కెల్లి ఢిల్లీ పన్నెండు వందల కిలోమీటర్ల పైనే అమ్మా. విమానంల రెండే గంటలంట!"

దశరథం తన తల్లి నర్సమ్మతో ఆ మాట చెప్పడం పొద్దున్నించి అది నాలుగోసారి. ఢిల్లీ చేనేత మేళాకు పిలుపొచ్చిన దగ్గర్నుంచి ఆయన కాళ్లు నేల మీద లేవు. మగ్గం అవతలి కొసన కూర్చుని అంచు పోగు నింపిన నాడెను అటూ ఇటూ వేస్తున్న ఆయన భార్య అలివేలు మాత్రం వేరే దూరం కొలుచుకుంటోంది. గద్వాల నుంచి వడ్డేపల్లికి బస్సులో గంటన్నర. అక్కడున్న కన్నతల్లిని చూసి రెండేళ్లయింది.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిపి నేయాలంటే ఇద్దరు కూర్చోవాల్సిందే. అయినా "ఎవరు నేశారు?" అని మేళాకు చీరలు ఎంచడానికొచ్చిన ఆఫీసరు అడిగితే, "నేనే సార్. మా ఆడమనిషి జర చెయ్యి సాయం" అన్నాడు మొగుడు. టిక్కెట్టు ఒక్కటే వచ్చింది. అందుకు ఆమె ఏడవలేదు. ఆమెకు కావాల్సింది విమానం కాదు.

కిందటి నెల వడ్డేపల్లి శంకరయ్య మామ వచ్చి చెప్పిపోయాడు. "మీ అమ్మ మనుషుల్ని మరుస్తున్నది బిడ్డా. నీ పేరైతే యాదికున్నది. జల్ది వచ్చి మొకం జూపియ్యి." ఆనాటి నుంచి అన్నం సయించడం లేదు. రెండేళ్లుగా ఎప్పుడు అడిగినా దశరథం కసురుకోడు, అదే ఆయన నేర్పు. "ఈ పడుగు అయిపోనియ్యి, నేనే బస్సెక్కిస్త" అంటాడు మెత్తగా. పడుగు అయిపోవడమంటూ ఉంటే కదా! పాతది ఇంకా మిగిలుండగానే దాని కొసలకు కొత్త పోగులు అతుకుతారు. ఆ అతికేది కూడా ఆమే.

ఆయన హైదరాబాద్ రైలెక్కిన మర్నాడు అలివేలు సంచీ సర్దుకుంది. మనిషి లేక మగ్గం ఎట్లాగూ ఆగింది కదా అనుకుంది పిచ్చిది.

"యాడికే?" అంది నర్సమ్మ. "వాడొచ్చేసరికి పోగులన్నీ అతికిపెట్టమన్నడు. వాడు గంత దూరం పనికి పోయిండు, నీకేమో షికారా?"

సంచీ పక్కన పెట్టి, పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుంది. ఒక్కో పోగూ మెలేస్తూ పోతే మధ్యాహ్నమైంది. ఈపాటికి ఆయన ఢిల్లీలో దిగి ఉంటాడు. తను ఇంకా ఈ గదిలోనే ఉంది. తననేమైనా కట్టేశారా? ఒక మెత్తటి మాటే కదా! ఒళ్లు మండింది, మొగుడి మీద కంటే ఆ మాటను రెండేళ్లు నమ్మిన తన మీద. సగం పోగులు వేలాడుతుండగానే లేచింది.

"పోతే మల్ల రాకు!" అని అత్త కేకేసినా ఆగలేదు.

వడ్డేపల్లిలో తల్లి అంజమ్మ వాకిట్లో చాట పెట్టుకుని కందులు ఏరుతోంది. తలెత్తి చూసి, "ఏ ఊరమ్మా నీది?" అంది మర్యాదగా.

తను రావడం ఆలస్యమైపోయింది. "గద్వాల" అంది అలివేలు.

"గద్వాలనా? ఈడనే గదా!" ముసలామె ముఖం విప్పారింది. "మా బిడ్డ అలివేలు గూడ ఆడనే ఉంటది. చీరలు నేస్తది. దాన్ని జూసినవా? మంచిగున్నదా?"

పెళ్లయిన పదకొండేళ్లలో ఎవరడిగినా అలివేలు "మంచిగున్న" అనే చెప్పింది. ఇదివరకు తల్లికీ అదే చెప్పింది. ఇప్పుడు చాట పక్కన కూర్చుంది.

"లేదమ్మా, మంచిగ లేదు. ఇగ ఆడికి పోనంటున్నది. నీ తాన ఉండనిస్తవా?"

"గిది గూడ అడుగుతరా?" అంజమ్మ చాట అవతలికి నెట్టి లేవబోయింది. "పో తల్లీ, జల్ది తోల్కరా దాన్ని."