చెల్లుబాటు

తమ్ముడు డబ్బు తెచ్చి చేతిలో పెట్టిన సాయంత్రం అక్క ఆ నోట్లు లెక్కపెట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్కటీ లెక్కపెడితే వాడి మొహం ఎంత చిన్నబోతుందో ఆమెకు తెలుసు. అందుకని కట్ట అంచుల మీద బొటనవేలు ఒక్కసారి సర్రున జార్చి, "సరిపోయింది లేరా" అని సంచిలో వేసుకుంది.

ఆ జార్చడంలోనే, కట్ట మధ్యలో ఎక్కడో, వేలికి తేడాగా ఏదో తగిలింది. ఆమె, భర్త కలిసి పుస్తకాలు బైండింగు చేస్తారు. ఇంటి వెనక గదే దుకాణం. పెళ్ళయిన నాటి నుంచీ కాగితంతోనే బతుకు. చీకట్లో చేతికిచ్చినా సరే, ఇది ఎంత దళసరి, తడిసి ఆరిందా, ఎండకు పెళుసెక్కిందా అన్నది చెప్పేస్తుంది. ఒక నోటు మిగతావాటికన్నా నున్నగా ఉందని వేలు చెప్పింది. మనసు వినిపించుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత గుమ్మం తొక్కిన తోడబుట్టినవాడి ముందు వేలి మాట వినేదెవరు?

ఇన్నేళ్ళన్నది మాటవరసకు అన్నది కాదు. ఒకప్పుడు కరెంటుతో నడిచే కటింగ్ మిషను కొందామని భార్యాభర్తలు కడుపు కట్టుకుని కూడబెట్టిన సొమ్ము అది. వాడొచ్చి, "అక్కా, సగం వాటాకి పాత లారీ వస్తోంది. ఆర్నెల్లలో తిరిగి నీ చేతిలో పెడతా" అన్నాడు. భర్త వద్దన్నాడు. ఆమె ఇచ్చింది. లారీ లేదు, గీరీ లేదు. వాటాదారుడనేవాడు డబ్బుతో ఉడాయించాడు, వాడి వెనకాలే సిగ్గుతో వీడూ మాయమయ్యాడు. మిషను రాలేదు. భర్త చేతికత్తితోనే అట్టలూ కట్టలూ కోస్తూ వచ్చాడు. ఇప్పుడాయన కుడిభుజం పైకి లేవదు. చొక్కా తొడుక్కోవాలంటే ఆమె సాయం పట్టాలి. పొద్దున చొక్కా తొడిగేటప్పుడల్లా ఇద్దరికీ వాడే గుర్తొస్తాడు. ఇద్దరూ పైకి అనరు.

వాడు వెళ్ళాక ఆమె కట్ట తీసి భర్తకు చూపించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"చెల్లని కాసుకు గీతలెక్కువ. మీ తమ్ముడు పుట్టడమే అలా పుట్టాడు."

"అసలు మొత్తం తెచ్చాడండీ. రెండేళ్ళు మూటలు మోసి కూడబెట్టాడట. ఆదివారం భోజనానికి పిలుద్దామా?"

ఆయన జిగురు గిన్నెలో పుల్ల తిప్పుతూనే ఉన్నాడు. జిగురు ఎప్పుడో కలిసిపోయింది, అయినా తిప్పుతూనే ఉన్నాడు. చివరికి నోరు విప్పాడు.

"రేపు బ్యాంకులో వెయ్యి. వాళ్ళు తీసుకుని పాస్‌బుక్కులో అచ్చేసి ఇస్తే, నేనే ఫోన్ చేసి పిలుస్తా. ఒక్క నోటు తేడా వచ్చిందా, వాడు మళ్ళీ ఈ గుమ్మం ఎక్కడానికి వీల్లేదు. నీకూ వాడికీ మాటలుండకూడదు. నేను ఇంకోసారి మోసపోలేను."

ఆయన అన్నమాట మీద నిలబడే మనిషి. పిలుస్తానన్నాడు కాబట్టి పిలుస్తాడు, వద్దంటే వద్దే. ఆమెకు ఉన్నది ఒక్క తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక ఆమెను పేరు పెట్టకుండా 'అక్కా' అని పిలిచే గొంతు ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

మర్నాడు బ్యాంకులో వరస పెద్దగా లేదు. అద్దం వెనక కూర్చున్న క్యాషియర్ నడివయసు మనిషి. చేతివేళ్ళు తడి స్పాంజి మీద అద్దుకుంటూ, ఎవరేం అడిగినా విసుక్కోకుండా చెబుతోంది. ఆ మంచితనం చూసి అక్కకు చొరవ వచ్చింది.

"అమ్మా, ఈ నోట్లు మా ఖాతాలో విడిగా పెడతారా?"

"ఎందుకమ్మా?"

"మా తమ్ముడు రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చినవి. వేరేవాళ్ళ వాటిలో కలిసిపోతే ఎలాగో ఉంటుంది."

క్యాషియర్ నవ్వింది. "ఇక్కడ ఎవరి నోట్లూ విడిగా ఉండవమ్మా. మీరిచ్చినవి ఇంకో గంటలో మీ వెనకున్నాయన జేబులోకి పోతాయి, లేకపోతే ఎవరో ఇల్లు కట్టుకోడానికి అప్పుగా పోతాయి. మీకు ఇంత బాకీ ఉన్నామని మేం రాసుకుంటాం. అడిగిన రోజు ఇస్తాం. ఖాతా అంటే అంతే, మేం మీకు పడ్డ బాకీ."

"అంటే మీరూ మా తమ్ముడి బాపతేనన్నమాట!"

వెనక ఎవరో పక్కున నవ్వారు. క్యాషియర్ కూడా నవ్వింది. "కాకపోతే మేం ఊరొదిలి పోలేదు. మీరంతా నమ్మినన్నాళ్ళూ మాకు ఢోకా లేదు. అందరూ ఒకే రోజు మీద పడి మాది మాకిచ్చెయ్యండంటే మాత్రం మా దగ్గరా అంత ఉండదమ్మా, మేమూ దిక్కులు చూడాల్సిందే."

నవ్వుతూనే కట్టను లెక్కపెట్టే మిషనులో వేసింది. నోట్లు గబగబా దూకాయి. మధ్యలో మిషను కీచుమని ఆగిపోయింది. క్యాషియర్ ఒక నోటు బయటికి తీసి నీలం దీపం కింద పెట్టింది, వెలుతురుకెత్తి చూసింది, వేలితో రాసి చూసింది. నవ్వు పోయింది.

"ఇది చెల్లదమ్మా. దొంగ నోటు."

అక్క బొటనవేలు తన ప్రమేయం లేకుండానే చూపుడువేలి మీద రాసుకుంది. ఆ వేలికి నిన్న సాయంత్రమే తెలుసు.

"మళ్ళీ చూడండమ్మా. నిన్నటిదాకా చెల్లిందిగా. ఎవరో కూలి కింద ఇచ్చారు, ఎవరో తీసుకున్నారు, ఎవరో బియ్యం కూడా కొనుంటారు దీంతో."

"కొనే ఉంటారు. ఎవరూ చూడలేదు కాబట్టి చెల్లింది. నోటు విలువ కాగితంలో లేదమ్మా. దాన్ని అచ్చేసినవాళ్ళు మాటిచ్చారు, అందుకని మనమంతా తీసుకుంటాం. దీని వెనక మాటిచ్చినవాళ్ళు ఎవరూ లేరు."

"సరే, నాకిచ్చెయ్యండి."

"ఇవ్వకూడదు. మిమ్మల్ననడం కాదు కానీ, వెనక్కిస్తే ఎవరైనా చేసే పని ఇంకొకరికి అంటగట్టడమే. ఇది ఇక్కడ ఆగిపోవాలి."

"మరి ఆ నష్టం?"

"ఎవరి చేతిలో పట్టుబడితే వాళ్ళదేనమ్మా." ఆ మాట క్యాషియర్ తల దించుకుని అంది. రోజూ చెప్పే మాటే అయినా ఆమెకూ చెప్పబుద్ధి కాలేదు.

నోటు మీద ఎర్రటి ముద్ర పడింది. ఆమె చేతికి ఒక రసీదు వచ్చింది. ఒక్కటే కాబట్టి పోలీసుల దాకా పోదని, ఇచ్చినవాళ్ళు తెలిస్తే అడిగి వేరే నోటు తెచ్చుకోమని, అప్పుడు మొత్తం కలిపి ఒకేసారి జమ చేస్తానని, నాలుగింటిదాకా కౌంటరు తెరిచే ఉంటుందని చెప్పి, మిగతా కట్టను క్యాషియర్ వెనక్కి ఇచ్చింది.

బయటికొచ్చి ఆమె వీధిలో ఒక నిమిషం దారి తెలియనట్టు నిలబడింది. తర్వాత కోపం వచ్చింది. అలాంటిలాంటిది కాదు, కళ్ళలోంచి నిప్పులు రాలే కోపం. తెలిసే పెట్టాడు! బావ ఎలాగూ మొహం చూడడు, అక్క ఎలాగూ లెక్కపెట్టదు, ఈవిడ నెత్తిన రుద్దేస్తే సరిపోతుందనుకున్నాడు. నలుగురిలో నిలబెట్టి వాడి వీపు విమానం మోత మోగించకపోతే తాను వాడికి అక్కే కాదు. తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ, ఎదురొచ్చినవాళ్ళను తప్పించుకుంటూ, వాడు పనిచేసే పార్సిల్ గోదాము దాకా నడిచింది. ఆ తిట్ల అడుగున ఒక దుఃఖం ఉంది. ఇవాళ్టితో వాడు లేనట్టే.

గోదాములో లారీ సరుకు దింపుతున్నారు. లారీకీ అరుగుకీ మధ్య వేసిన పలక మీద వాడు ఒక చెక్కపెట్టె మోసుకుంటూ దిగుతున్నాడు. నిన్న దీపం వెలుతురులో ఆమె గమనించలేదు, వాడి జుట్టు సగానికి పైగా నెరిసింది. పెట్టె దించి తల ఎత్తి చూశాడు. అక్కను చూడగానే మొహంలో రక్తం లేకుండా పోయింది.

"బావకి బాగానే ఉందా?"

"బానే ఉంది."

"బ్యాంకుకి వెళ్ళావా?" వాడు దగ్గరికొచ్చాడు. తుడుచుకున్న చేతులే తుండుకు మళ్ళీ తుడుచుకున్నాడు. "అన్నీ చెల్లాయా అక్కా?"

పేర్చుకొచ్చిన తిట్లు పక్కనబెట్టి ఆమె వాడి కళ్ళలోకి చూసింది.

"ఎందుకలా అడుగుతున్నావ్?"

"మా మేస్త్రీ ఇచ్చే కూలిలో దొంగ నోట్లు వస్తున్నాయక్కా. ఆ మధ్య నాకే ఒకటి తగిలింది. టీ కొట్టువాడు మొహాన కొట్టాడు. సాయంత్రం రద్దీలో ఎవరికో అంటగట్టమన్నారు మావాళ్ళు. చించేశా. ఆ వారం ఎలాగో... సర్లే, గడిచిపోయింది. నీకిచ్చినవి దీపం ముందు పెట్టి ఒక్కొక్కటే చూశా. నా కళ్ళకేం తెలుస్తుంది? ముందే బ్యాంకులో చూపించుకుందామని గేటుదాకా వెళ్ళా కూడా."

"మరి వెళ్ళలేదేం లోపలికి?"

"భయమేసింది. నీ దగ్గర దొంగ నోటు దొరికితే, పాపం ఎవరో మోసం చేశారంటారు. నా దగ్గర దొరికితే నన్నే దొంగంటారు. నా మొహం అలాంటిదక్కా. నేనే అలా చేసుకున్నా."

చొక్కా లోపలి జేబులోంచి ఒక చిన్న మడత తీశాడు. నాలుగైదు చిల్లర నోట్లు, వాటి లోపల ఒక్క పెద్ద నోటు. "ఏదన్నా పోయుంటే చెప్పు. ఈ వారం కూలి ఇదిగో. తీసుకో. బావకి మాత్రం చెప్పకు."

ఆమె ఆ చేతిని చూసింది. గోళ్ళు విరిగి, కీళ్ళ దగ్గర చర్మం చిట్లి ఉంది. చిన్నప్పుడు ఈ చేతిని పట్టుకునే రోడ్డు దాటించేది. రసీదు ఆమె సంచిలోనే ఉంది. తీసి చూపిస్తే చాలు, వాడు మారు మాట్లాడకుండా ఆ పెద్ద నోటు ఇచ్చేస్తాడు. లెక్క సరిపోతుంది, న్యాయం కూడా అదే. కానీ బ్యాంకు గేటు దగ్గర ఏ మాట వినాల్సి వస్తుందని వాడు వెనక్కి తిరిగొచ్చాడో, ఆ మాటే సొంత అక్క నోటి నుంచి వింటాడు. ఆ మాట తాను దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది. అది తలచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అన్నీ చెల్లాయిరా," అంది. "ఒక్కటి కూడా వెనక్కివ్వలేదు."

ఆ రెండో మాటలో అబద్ధం లేదు. బ్యాంకువాళ్ళు నిజంగానే వెనక్కివ్వలేదు.

వాడు పెట్టె మీద కూలబడ్డాడు. తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లారీ మీదనుంచి ఎవరో, "ఏమైందిరా, పెట్టెలు నీ బాబు దించుతాడా?" అని అరిచారు. అక్క వాడి తల మీద చెయ్యి వేసింది. నెరిసిన జుట్టు దుమ్ముతో గరుకుగా ఉంది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకోలేదు.

"లే. పని చూసుకో. ఆదివారం ఎక్కడికీ పోకు."

తిరిగి బ్యాంకు చేరేసరికి కౌంటరు ఇంకా తెరిచే ఉంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించాలంటే ఆమెకు కళ్ళు చాలడం లేదు. కళ్ళద్దాల కోసమని సంచి లోపలి అరలో ఒక పెద్ద నోటు దాచుకుంది. దాన్ని తీసింది. బొటనవేలితో ఈసారి నిదానంగా రాసి చూసింది. గరుకుగా, నికార్సుగా ఉంది. కట్టలో కలిపి అద్దం కింద నుంచి లోపలికి తోసింది.

"ఇచ్చినవాళ్ళు మార్చి ఇచ్చారా?" క్యాషియర్ అడిగింది.

"ఇచ్చాడమ్మా. నేను అడక్కముందే ఇచ్చాడు."

"అదృష్టవంతులు. చాలామంది మాది కాదు పొమ్మంటారు."

మిషను ఈసారి ఎక్కడా ఆగలేదు. అక్క మాత్రం చివరి నోటు పడేదాకా మిషను మీంచి చూపు తిప్పలేదు. పాస్‌బుక్కు కరకరమంటూ అచ్చయి చేతికొచ్చింది. జమ అన్న మాట పక్కన మొత్తం పడింది. రసీదును ఆమె నాలుగు ముక్కలు చేసి, గుమ్మం పక్కనున్న చెత్తబుట్టలో వేసింది. మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమైంది?" భర్త గొంతులో గెలవాలన్న తొందరేమీ లేదు. భయం ఉంది. ఆయనా పొద్దుటినుంచీ ఈ ఫోన్ కోసమే కూర్చున్నాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"మొత్తం జమైందండీ."

"ఒక్కటి కూడా తేడా రాలేదా?"

"బ్యాంకువాళ్ళు అచ్చేసి ఇచ్చారు. వచ్చి చూపిస్తా."

అటువైపు బల్ల మీద ఏదో వెతుకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వాడి నంబరు నా దగ్గర లేదు. చెప్పు, రాసుకుంటా."

ఆమె ఒక్కో అంకె ఆగి ఆగి చెప్పింది. తప్పు పోకుండా ఆయన ఒక్కో అంకె తిరిగి చెప్పాడు.