కళ్ళకు రెండు పూసలు

తలకు బదులు కంచు గంట తెచ్చి చాప మీద పెట్టారు. రోయ్‌జా దాన్ని వేలితో తాకింది. తాకితే పుచ్చుకున్నట్టే. జుట్టుకు నారదారం ఉండ వచ్చింది. పళ్ళకు గవ్వలు, చేతులకు కత్తి, వెన్నెముకకు పాత తుపాకీ వచ్చాయి. అన్నిటినీ తాకింది. ఒళ్ళు మొత్తానికి ఇచ్చిన ఎనుము బయట గుంజకు కట్టేసి ఉంది. చనిపోయిన ఆమె భర్త తాంగ్‌గున్‌ను ఇలా ముక్కముక్కగా ఆమెకు అప్పజెబుతున్నారు. అన్నీ అందితే రెండు ఇళ్ళ మధ్య పగ తీరినట్టు.

కళ్ళు మిగిలాయి. యావ్ అరిటాకు పొట్లం విప్పి రెండు అంబరు పూసలు చాప మీద పెట్టాడు. అడవిపంది కోసం అతను వంచిన కొమ్మకు కట్టి పెట్టిన బల్లెం ఉచ్చులోనే తాంగ్‌గున్ పడ్డాడు. పూసలు తేనె రంగులో, మంచి వెలుగుతో ఉన్నాయి. వాటికి వంక పెట్టడానికేం లేదు.

రోయ్‌జా చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"తాకమ్మా," అన్నాడు గామ్. ఆయన తాంగ్‌గున్‌కు అన్న, ఊరికి పెద్ద.

"బావగారూ, ముందు ఇతన్ని ఒక్క మాట చెప్పమనండి. ఆ దారిలో గుర్తు కట్టాడా?"

యావ్ తల ఎత్తలేదు. "కట్టాను వదినా. ఎన్నిసార్లు చెప్పను? ఆ పొద్దున మంచు పట్టి ఉంది. తాంగ్‌గున్ అన్నే చూసుకోలేదు."

ఉచ్చు పెట్టినవాడు దారికి రెండు వైపులా రెండేసి వెదురు బద్దలు అడ్డంగా కలిపి, ఛాతీ ఎత్తున కట్టి పోవాలి. నడక రాని పిల్లలకు కూడా ఆ గుర్తు తెలుసు. అది కనబడితే ఎవరూ దాటరు, చుట్టూ తిరిగి పోతారు. కట్టినవాళ్ళు తప్ప దాన్ని ఎవరూ విప్పరు. తాంగ్‌గున్ పేము తీగల కోసం ఆ వాలుకు వెళ్ళాడు. తొడలో దిగిన బల్లెంతోనే అతన్ని వాగు దాకా మోసుకొచ్చారు. వాగు దాటేసరికి ఊపిరి లేదు. సాయంత్రం పెద్దలు వెళ్ళి చూస్తే గుర్తులు రెండు వైపులా ఉన్నాయి. కానీ పొద్దున కేక వినగానే ఆ దారిన పరుగెత్తింది రోయ్‌జా. అప్పుడు లేవు. ఆ మాట చెప్తే, ఏడుస్తూ పరుగెత్తే మనిషికి ఏం కనబడుతుందిలే అన్నారు.

ఎగిరే తేనెటీగను కళ్ళతోనే వెంబడించి, లోయకు అవతల అది దూరిన తొర్ర ఏదో చెప్పగలిగిన మనిషి తాంగ్‌గున్. అతను గుర్తు చూడలేదట.

"మిగతావన్నీ పుచ్చుకున్నాను," అంది రోయ్‌జా. "కళ్ళు పుచ్చుకోను. ఆయన కళ్ళకు లోపం లేదు. ఇతను నిజం చెప్పిందాకా ఆ పూసలు ఇతని దగ్గరే ఉండనీండి."

పొయ్యి పక్కనున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "పూసలు చిన్నవనా తల్లీ? మా ముసలిదాని మెడలో పెద్దవున్నాయి. అది నిద్రపోయాక తెంపుకొస్తా."

ఎవరూ నవ్వలేదు.

"కళ్ళు అందకపోతే పగ తీరదు, తెలుసుగా?" అన్నాడు గామ్.

"తెలుసు."

"లోయలోకి దిగి దొర కచేరీలో చెప్పుకుంటావా మరి?"

"దొరకు గుర్తంటే ఏం తెలుసు బావగారూ?"

యావ్ పూసలు మళ్ళీ ఆకులో చుట్టుకున్నాడు.

వానలు వెనకపట్టాక ఒక పొద్దున యావ్ ఇంటి నిచ్చెన కింద గుర్తు కనిపించింది. కొత్త వెదురు, బిగుతైన ముడి. యావ్ పై మెట్టు మీదే నిలబడిపోయాడు. తర్వాత పొడుగాటి గెడ తెప్పించి చుట్టూ గడ్డిలో పొడిచి చూశాడు. ఏమీ లేదు. గుర్తును కాలితో తన్నాడు. మర్నాడు అది మళ్ళీ ఉంది.

ఊట దగ్గర వెదురు బొంగుల్లో నీళ్ళు పట్టుకుంటూ తూనాన్ అతన్ని ఆపింది. ఊళ్ళో నోరున్న మనిషి ఆమె.

"ఏమయ్యా యావ్, ఇంటి ముందే ఉచ్చు పెట్టావట. పందులకా, మీ ఆవిడకా?"

"నీ నోటికి పెట్టాల్సింది."

"పెట్టు. కానీ గుర్తు కట్టి పెట్టు."

బొంగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత అతని పోడు చేనుకు పోయే దారిలో రెండు కనిపించాయి. కట్టెలు కొట్టుకునే వాలు మీద ఒకటి, చేపల మడుగు దగ్గర ఒకటి. దేని వెనకా ఉచ్చు లేదు. కానీ ఆ సంగతి రోయ్‌జా ఎవరికీ చెప్పలేదు. యావ్ చేనుకు కోతకు వస్తామన్నవాళ్ళు గుర్తు చూసి వెనక్కి తిరిగారు. పద్ధతి పద్ధతే. గెడతో నేల పొడుచుకుంటూ యావ్ ఒక్కడే చేనుకు వెళ్ళేవాడు. దూరం నుంచి చూస్తే చూపు లేని మనిషి నడిచినట్టు ఉండేది. నడుముకు పగ్గం బిగించుకుని నేత నేస్తూ రోయ్‌జా తన వరండాలోంచి చూసేది. చూసి మళ్ళీ పోగు సరిచేసుకునేది.

గామ్ వచ్చి నిచ్చెన దగ్గర కూర్చున్నాడు. "ఇది ఎందాకా అమ్మా?"

"గుర్తు కట్టడం తప్పా బావగారూ?"

 బియ్యపు కల్లు పోస్తే తాగి వెళ్ళాడు.

కోతలు సగమయ్యేసరికి యావ్ గెడ పట్టుకోవడం మానేశాడు. ఎదురైన గుర్తును చేత్తో పక్కకు తోసి, వెనక్కి చూడకుండా నడిచిపోతున్నాడు. రోయ్‌జా రెండు రోజులు అది గమనించింది. మూడో రోజు పొయ్యి మీది అటక నుంచి బల్లెం దించింది. తాంగ్‌గున్ తొడలోంచి తీసింది అదే. పొగకు నల్లబడింది. ఆ రోజు ఆమె పేము వాలుకు వెళ్ళి చాలాసేపు ఉంది. దిగి వచ్చేటప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయి.

ఇంతలో యావ్ మొక్కజొన్నలోకి పందులు దిగాయి. కాపలాకు తోడు వచ్చేవాళ్ళు లేరు. ఉచ్చు పెట్టాల్సిందే. పందులు వచ్చే దారి పేము వాలు మీదిదే.

ఆ పొద్దున యావ్ భుజాన వెదురు, చేతిలో పేము చుట్టతో ఆమె ఇంటి ముందు నుంచే వెళ్ళాడు. ఆమె నేస్తోంది. అతను పలకరించలేదు. ఆమె పిలవలేదు. వాలు మలుపులో అతను కనబడకుండా పోయాక ఆమె చెయ్యి ఆగింది. ఒక్క కేక వేస్తే చాలు, వినబడే దూరమే. ఆమె పోగు వేసి బద్దతో గట్టిగా కొట్టింది. ఇంకో పోగు వేసింది. అడవిలోంచి ధనేశ పక్షుల రెక్కల చప్పుడు వచ్చింది. ఇంకో పోగు వేసింది.

చాలాసేపటికి దారి మీద అడుగులు వినిపించాయి. యావ్ దిగి వస్తున్నాడు. వెదురు లేదు, పేము లేదు.  ఆమె నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా."

ఆమె తల ఎత్తలేదు.

"అక్కడ కట్టావు. సరిగ్గా అక్కడే."

"కట్టాను."

"మిగతావన్నీ తోసేశాను. దాన్ని తోయలేకపోయాను." వాలు వైపు చూశాడు. "ఆ రోజు అక్కడ ఏమీ లేదు వదినా. వట్టి దారి."

"నాకెందుకు చెప్తావు? నాకు తెలుసు. ఊరికి చెప్పు."

ఊట దగ్గర చెప్పాడు. కత్తులు నూరుతున్నవాళ్ళు, నీళ్ళు పడుతున్నవాళ్ళు అలాగే ఆగిపోయారు. గామ్‌ను పిలిపించారు.

"వాన వచ్చేలా ఉంది," అన్నాడు యావ్. "ఈ దారిన ఎవరొస్తారులే, రేపు కడదాం అనుకున్నా. అన్నను మోసుకెళ్ళాక, అందరూ వాగు దగ్గర ఉండగా, వెళ్ళి కట్టాను."

తూనాన్ భుజం మీది నీళ్ళ బొంగు దించింది.

"ఆయన కళ్ళు?" అంది రోయ్‌జా.

"బాగున్నాయి. అన్న కళ్ళకు లోపం లేదు."

"గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాడు. నడుముకు కట్టుకున్న ఆకు పొట్లం విప్పి అరచేతిలో పెట్టుకుని చాచాడు. ఆకు ఎండి పొడిపొడి అవుతోంది. రోయ్‌జా ఒక పూసను తాకింది. రెండోదాన్ని తాకింది. రెండూ తీసుకుని పిడికిట్లో పెట్టుకుంది.

"తీరింది," అన్నాడు గామ్.

"గుర్తులు విప్పాలి," అంది ఆమె.

నిచ్చెన కిందిది విప్పింది. చేను దారివి, కట్టెల వాలుది, మడుగుది విప్పింది. ఊరు సగం ఆమె వెంట నడిచింది. చివరికి పేము వాలు ఎక్కుతుంటే యావ్ వెనక నుంచి అడిగాడు.

"ఇది కూడా ఉత్తదేగా వదినా?"

ఆమె ఎక్కుతూనే ఉంది. గుర్తు దగ్గర అందర్నీ చేత్తో ఆపింది. యావ్ పారేసిన వెదురు అక్కడే పడి ఉంది. దాన్ని తీసుకుని, ముందుకు చాచి, దారి మధ్యలో నేల మీద దాచిన తాడుకు తగిలించి లాగింది.

వంచి కట్టిన కొమ్మ ఈడ్చి కొట్టింది. బల్లెం దారికి అడ్డంగా దూసుకుపోయి అవతలి చెట్టులో తొడ ఎత్తున దిగింది. పిడి వణుకుతూ ఉండిపోయింది.

యావ్ చెయ్యి తన తొడ మీదికి వెళ్ళింది. గామ్ బల్లెం వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు.

"రోయ్‌జా, వీడు దాటి ఉంటే?"

"నేను గుర్తు కట్టాను బావగారూ."

పూసలు నడుముగుడ్డలో దోపుకుని ఆమె గుర్తు దగ్గరకు వెళ్ళింది. మంచుకు తడిసి ముడి బాగా బిగిసిపోయింది. వేళ్ళకు లొంగలేదు. పళ్ళతో కరిచి లాగింది.