ప్రార్థన పట్టిన డబ్బాలు

డబ్బాల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టున అచ్చు మిషను నడిపే అతన్ని అందరూ భక్తుడనే పిలిచేవారు. వేడి ప్లాస్టిక్కు అచ్చులోకి దిగగానే చన్నీళ్ల కొళాయి తిప్పాలి. మన భక్తుడు తిప్పేముందు కళ్లు మూసుకుని ప్రతి డబ్బాకీ ఓ ప్రార్థన చేసేవాడు. ఎవరింటికి పోతుందో ఏమో, వాళ్లు చల్లగా ఉండాలి కదా అని.

"అద్దంలా ఉండాలన్నాను. ఇవి పాలు కలిపిన నీళ్లలా ఉన్నాయి. కిందపడితే పెంకుల్లా పగులుతున్నాయి" అన్నాడు యజమాని. "రెండో షిఫ్టువాడివి చూడు, నిగనిగలాడుతున్నాయి. వాడు పనిలో ఉన్నంతసేపూ మిషన్ని తిడుతూనే ఉంటాడు. నువ్వేం చేస్తున్నావయ్యా?"

"ప్రార్థనండీ."

అంతే, ఉద్యోగం గాలిలో దీపమైంది. ప్రార్థనైనా మానాలి, పనైనా మానాలి.

సంగతి తేల్చడానికి, ఫ్యాక్టరీలోనే సరుకు పరీక్షించే గదిలో పనిచేసే భక్తుడి బావమరిది వచ్చాడు.

"బావా, ప్లాస్టిక్కు లోపలంతా పొడుగాటి అణువుల గొలుసులు. వేడిలో చిక్కుపడ్డ దారంలా ఉంటాయి. టక్కున చల్లారిస్తే ఆ చిక్కుతోనే బిగుసుకుంటాయి. వెలుగు సాఫీగా పోతుంది, డబ్బా వంచితే వంగుతుంది. నువ్వు కళ్లు మూసుకున్నావనుకో, వాటికి తీరిక దొరుకుతుంది. మడతలు పడి, పక్కపక్కన చేరి గుంపులు కడతాయి. వెలుగు ఆ గుంపులకు తగిలి చెదురుతుంది, అందుకే ఆ తెలుపు. గట్టిపడుతుంది, పెళుసూ అవుతుంది."

"దేవుడి పేరు వింటే కూడుతున్నాయా?"

"తీరిక దొరికితే కూడతాయి. అచ్చం మా అక్కాచెల్లెళ్లలాగే."

"కూడితే మంచిదే కదరా. మరి పగుళ్లెందుకు?"

"మా ఇంట్లో నువ్వు చూళ్లేదా బావా?"

యజమాని ఆలోచించి, ప్రార్థన కుదించమన్నాడు. "పేరొక్కటీ చాలు. పొగడ్తలు కొట్టెయ్."

"దేవుడు పొగడ్తలకే కదండీ కాస్త ఆగేది" అని భక్తుడు నసుగుతుండగా ఫోను మోగింది. క్యాంటీను నడిపే ఆయన. నిగనిగలాడే డబ్బాల్లో పొగలు కక్కే గంజి పోస్తే వంకర్లు తిరిగాయట. తెల్లవి మాత్రం చెక్కుచెదరలేదట. ఇక తెల్లవే కావాలట.

మర్నాడు గోడమీద బోర్డు వెలిసింది. పొద్దుటి షిఫ్టుకు ప్రార్థన తప్పనిసరి. రెండో షిఫ్టుకు నిషేధం. తిట్లు వారి వారి ఇష్టం.

యజమాని రోజూ వచ్చి డబ్బా నొక్కి చూసేవాడు. "భక్తి చాల్లేదయ్యా. ఇంకాస్త సాగదియ్."

భక్తుడు సాగదీశాడు. కొన్నాళ్లకు కళ్లు మూసుకుంటే దేవుడు కనిపించడం మానేశాడు, డబ్బా గట్టితనమే కనిపించింది. ఓ పూట ఉండబట్టలేక, ఇంటికి తీసుకెళ్లాల్సిన ఉల్లిపాయల్ని తలుచుకుంటూ అంతసేపూ కళ్లు మూసుకున్నాడు. డబ్బా అంతే తెల్లగా, అంతే గట్టిగా వచ్చింది.

ముందు మనసు చివుక్కుమంది. తర్వాత ఎందుకో తేలికపడింది.

అప్పట్నుంచి మిషను దగ్గర ఉల్లిపాయలే. యజమానికి లోటు లేదు, ఉద్యోగం నిలిచింది. ప్రార్థన మాత్రం పని దిగాక, చేతులు కడుక్కునే కొళాయి దగ్గర చేసుకునేవాడు.

"ఇక్కడేం గట్టిపడుతుంది బావా?" అన్నాడు వెనక నిలబడ్డ బావమరిది.

"ఏమీ గట్టిపడదురా. ఆ కొళాయి కట్టెయ్, నీళ్లు పోతున్నాయి."